నడుముకు పైన

...ఇది అయిదోసారి. మొదటి వక్తకు దండ వేస్తుండగా ఒకసారి, టీ రాకముందే రెండుసార్లు, వచ్చాక ఒకసారి, ఇప్పుడు మళ్ళీ. ఒంటేలుకని బయటికి, హాలు వెనక గోడ వైపు వెళ్తున్న ఆగయ్యను వేదిక మీది కుర్చీలోంచి లెక్కపెడుతున్నాడు స్తెఫను. సన్మానం తనకేనన్న సంగతి కూడా మరిచాడు. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకే బొగ్గుబావిలో, ఒకే షిఫ్టులో పనిచేశారు. అడిగినవాళ్ళకు ఆగయ్య షుగరని చెబుతున్నాడు. షుగర్ గౌరవనీయమైన జబ్బు.

పదమూడేళ్ళ కిందట స్తెఫనుకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలినప్పుడు, చికిత్స కంటే ముందు దానికో మర్యాదైన చోటు వెతకాల్సి వచ్చింది. బంధువులు సమావేశమయ్యారు. గుమాస్తాగా చేసే బావమరిది యేసుకుమార్ తీర్మానం ప్రవేశపెట్టాడు: నడుముకు పైన ఏ అవయవమైనా అభ్యంతరం లేదు. కడుపు ఏకగ్రీవంగా ఎన్నికైంది.

అప్పటినుంచి చూడవచ్చినవాళ్ళంతా గంజి తెచ్చారు. కూరల్లో కారం తగ్గించడం లేదని అతని భార్య సువార్తను చర్చిలో మందలించారు. మూడు నెలలకోసారి వేసే సూదికి ఒళ్ళంతా ఆవిర్లు వస్తే, పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గని వేడి అని కాలనీ నిర్ధారించింది. అందరూ అడగ్గా అడగ్గా, ఏ పాపం ఎరుగని ఆ కడుపు కూడా అప్పుడప్పుడు నొప్పి పుట్టి వాళ్ళ మాట నిలబెట్టేది.

రిటైర్డ్ కార్మికుల సంఘం అధ్యక్షుడు రఘుపతి మైకు అందుకున్నాడు. "మన స్తెఫనన్న కడుపుల క్యాన్సర్ పెట్టుకొని పదమూడేండ్లు నవ్వుకుంట బతికిండు. ఏదీ దాయని మనిషి. ధైర్యమంటే ఏందో ఈయనను జూసి నేర్సుకోవాలె."

గనిలో బ్లాస్టింగుకు కిటికీలు అదిరి, పైకప్పు నుంచి దుమ్ము రాలింది. సభ దాన్ని కూడా చప్పట్లతో స్వాగతించింది.

మాట్లాడమని పిలిస్తే స్తెఫను తనకిచ్చిన ప్రశంసాపత్రం పట్టుకుని వేదిక దిగి, నేరుగా హాలు వెనక్కి నడిచాడు. అన్నకు కడుపునొప్పి లేచిందని రఘుపతి ప్రకటించి, సంఘీభావంగా రెండు నిమిషాల మౌనం కోరాడు. అందరూ తలలు వంచారు. ఆ నిశ్శబ్దంలో కిటికీ అవతలి మాటలు హాలంతా వినబడ్డాయి.

"ఎన్నాళ్ళ సంది గిట్లయితుంది ఆగయ్యా?"

"ఎండాకాలం సంది. షుగరే అన్నా."

"పరీక్ష చేయించినవా?"

"లే."

"నాకు కడుపుల ఎన్నడు ఏం లేదు. నాది కింద, ప్రోస్టేట్‌ల. నీకు ఏం లేకపోవచ్చు. గని రేపు నాతోని దవాఖానకు రా."

ఆగయ్య గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "గా కింది క్యాన్సర్ మొగోళ్ళకు గూడ వస్తదా?"

"మొగోళ్ళకే వస్తది."

హాల్లో రెండు నిమిషాలు దాటి అయిదయ్యాయి. ఒక్కరూ లేవలేదు. లేచి అటు వెళ్ళాల్సిన అవసరం చాలామందికి ఉంది గానీ, ఇప్పుడు లేస్తే ఎందుకో అందరికీ తెలుస్తుంది.

స్తెఫను ఆగయ్య జేబులోని పెన్ను తీసి, ప్రశంసాపత్రాన్ని గోడకు ఆనించి, అందులోని 'కడుపు క్యాన్సర్'లో 'కడుపు' అన్న మాట కొట్టేశాడు.