పొగ పెట్టకుండా పెట్టె తెరవడం

గోవిందరాజులు రోజూ భోజనం కాగానే పెరట్లోని చెక్కపెట్టెకు చెవి ఆనించి ఎవరితోనో కబుర్లు చెబుతున్నాడనీ, లోపల్నుంచి ఆడగొంతు "ఊఁ ఊఁ" అంటోందనీ పక్కింటి మహాలక్ష్మమ్మ కుళాయి దగ్గర పద్మినితో చెప్పిందట. పద్మిని ఆ మాటను నీళ్లబిందెతో పాటు మోసుకొచ్చింది. నీళ్లు తొణకనివ్వలేదు గానీ మాటను మాత్రం బాగా తొణికించి, గోవిందరాజులు భార్య భారతీదేవి వంటింటి గుమ్మంలో దించింది.

"ఆడగొంతే దీదీ. ఒక్కత్తి కూడా కాదంట. చాలామందంట!"

"చాలామందే. అందులో ఒకత్తి రాణి," అంది భారతీదేవి పప్పులో పోపు వేస్తూ. "మిగతావాళ్లంతా దానికి చాకిరీ చేస్తారు. మనకా భాగ్యం ఎక్కడిది?"

పెట్టెలో ఉన్నవి తేనెటీగలు. సునామీ వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఆ రోజు నుంచీ సర్కారు గుమాస్తా గోవిందరాజులుకు నిద్ర కరువైంది. కళ్లు మూస్తే చాలు, హోరు. ఈగల పెంపకం నేర్పే ఉదయ్‌కుమార్ అనే కుర్ర ఉద్యోగి, ఎవరూ తీసుకోక మిగిలిన ఒక పెట్టెను ఇతనికి అంటగట్టాడు. ఒక మధ్యాహ్నం గోవిందరాజులు ఊరికే దానికి చెవి ఆనించాడు. అదీ హోరే. కాకపోతే ఉన్నచోటే ఉండే హోరు, మీదికి రానిది. అక్కడే నేలమీద కూలబడి సాయంత్రం దాకా గుర్రుపెట్టాడు. అప్పటినుంచీ ఆ పెట్టె అంటే అతనికి ప్రాణం.

చిక్కల్లా దాన్ని అప్పుడప్పుడూ తెరిచి చూడవలసి రావడం. తెరిచే ముందు ఈగల్ని శాంతపరచాలి. అందుకు లోకమంతా పొగడబ్బా వాడుతుంది. భారతీదేవికేమో ఆయాసం జబ్బు. కొబ్బరిపీచు రాజేసిన మొదటి రోజునే ఆమె దగ్గి దగ్గి మంచం పట్టింది. పొగ చూసి ఎవరో ఫైరింజన్‌ను పిలిచారు. దాని సైరన్ విని అండమాన్‌లోని ఆ జంగ్లీఘాట్ పేట సగం గుట్టమీది బడి మైదానానికి పరుగెత్తింది.

అల తర్వాత అక్కడ పుట్టిన ఆచారం అది. ఎవరైనా పైకి పరుగెడుతుంటే వెనకే పరుగెత్తాలి. ఎందుకని పైకి చేరాక అడగాలి. ముందే అడుగుతూ నిలబడ్డవాళ్లలో కొందరు ఆ రోజు మళ్లీ కనిపించలేదు.

పొగ మానేసి గోవిందరాజులు టేబుల్ ఫ్యాన్ పెట్టి చూశాడు. గాలికి ఈగలు శాంతించలేదు సరికదా, గుంపుగా గోడ దాటి మహాలక్ష్మమ్మ ఇంట్లోకి వెళ్లిపడ్డాయి. ఒకటి ఆమె ముక్కుమీద కుట్టింది. సాయంత్రానికి ఆ ముక్కు మనిషికంటే ముందు వీధిలోకి రావడం మొదలుపెట్టింది.

ఆమె కొడుకు కన్నారావు దీవుల మధ్య తిరిగే బోటులో పనిచేస్తాడు. తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"రాజులు భయ్యా, మా అమ్మ ముక్కు చూడు. ముక్కా ఇది? బొండం! సోమవారం డిగ్లీపూర్ బోటు మీద నాదే డ్యూటీ. పెట్టె ఎక్కించీస్తాను. అక్కడ అడవిలో ఎవల్ని కుట్టుకున్నా అడిగీవోడు లేడు."

"వద్దు కన్నారావ్. అవి చాలా సాధువులు. ఆ రోజేదో ఫ్యాన్ గాలికి..."

"సాధువులా?" అంది మహాలక్ష్మమ్మ ముక్కులోంచి. "అయితే ఆదివారం మా అందరి ముందూ తెరిచీ బాబూ. పొగా ఒద్దు, ఫేనూ ఒద్దు. ఒక్కల్నీ కుట్టకపోతే ఉండనీ. కుట్టిందా, బోటు!"

గోవిందరాజులు ఉదయ్‌కుమార్‌కు ఫోన్ చేశాడు.

"సింపుల్ సార్! పంచదార నీళ్లు సన్నటి తుంపరగా చల్లండి. ఒళ్లు తడిస్తే ఎగరవు, తీపి నాక్కుంటూ కూర్చుంటాయి. లేదంటే తడిగుడ్డ కప్పండి. అసలు మందేంటంటే, మెల్లగా కదలాలి సార్. హడావుడి పడకూడదు. ఆదివారం నేనూ వస్తాను, వచ్చేదాకా తెరవకండి."

ఇంత చెబితే గోవిందరాజులు బుర్రలో నిలిచింది పంచదార ఒక్కటే. అబర్డీన్ బజార్లో మంగలివాళ్లు జుట్టు తడిపే స్ప్రే సీసా కొనుక్కొచ్చాడు. ఆదివారం పొద్దున్నే ఇంట్లో పంచదారంతా చెంబుడు నీళ్లలో ఒంపాడు.

"నా టీకి?" అంది భారతీదేవి.

"ఒక్క పూట ఓర్చుకో."

ఒంటికి రక్షణగా ఏం వేసుకోవాలా అని ఆలోచించి ట్రంకుపెట్టె తెరిచాడు. సునామీ బాధితులకని మెయిన్‌లాండ్ దయగల మహానుభావులెవరో ఉన్నిబట్టలు పంపారు. ఏడాది పొడుగునా చెమట కారే ఈ దీవుల్లో వాటిని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియక అందరి ఇళ్లలోనూ మూలుగుతున్నాయి. అందులోంచి ఒక నల్లటి బొచ్చు స్వెటరూ, మంకీ టోపీ తీసి తొడుక్కున్నాడు.

"ఈ ఉక్కలో ఏమిటా వేషం?"

"దళసరి ఉన్ని భారతీ. ముల్లు దిగదు."

తొమ్మిదయ్యేసరికి పెరడు నిండిపోయింది. చూడవచ్చినవాళ్లను మంచి చేసుకోవాలని గోవిందరాజులు పండిన అరటిగెల తెచ్చి, పెళ్లివారికి పంచినట్టు మనిషికో పండు పంచాడు. తానూ రెండు మింగాడు. భారతీదేవి వంటింటి గుమ్మం పక్కన, పెట్టెకు బారెడు దూరంలో, స్టూలు వేసుకుని కూర్చుంది. ఉదయ్‌కుమార్ జాడ లేదు.

"అతగాడెందుకు, నువ్వు తెరిచీ బాబూ," అంది మహాలక్ష్మమ్మ అరటిపండు వలుస్తూ. "నాకు పొయ్యిమీద కూరుంది."

గోవిందరాజులు మూత తీశాడు. ఈగలు నింపాదిగా తలలెత్తి చూశాయి. సీసా గురిపెట్టి నొక్కాడు. రాలేదు. కరగని పంచదార కొనలో ఇరుక్కుంది. మళ్లీ నొక్కాడు. సీసాను ఝాడించి, రెండు చేతులా బలంగా పిసికాడు. తుంపర కాదు, ధార వచ్చింది. సగం ఈగల నడినెత్తిన పడింది, సగం ఎగిరి మహాలక్ష్మమ్మ ముఖం మీద చిమ్మింది.

ఆమె కేక పెట్టింది. గోవిందరాజులు ఉలిక్కిపడి మూతను పెట్టె మీదే జారవిడిచాడు. ధడాలుమన్న ఆ చప్పుడుకు లోపలి ఊకొట్టడం ఆగి, ఇంకో రకం రాగం మొదలైంది.

తర్వాత ఏం జరిగిందో చూడ్డానికి ఎవరూ నిలబడలేదు. ఈగలు ముందు స్వెటర్‌ను చుట్టుకున్నాయి, ఆ తర్వాత అరటిపండ్లున్న చేతుల్ని వెతుక్కున్నాయి. గోవిందరాజులు పరుగందుకున్నాడు. ఎటు పోవాలని అతను ఆలోచించలేదు. ఏడాదిగా జంగ్లీఘాట్ కాళ్లకు తెలిసిన దారి ఒక్కటే, పైకి. స్టూలు మీద భార్య ఉంటే ఆ స్టూలును దాటి మరీ దూకాడు. వెనకే కన్నారావు, పద్మిని, పెరడు పెరడంతా.

టీకొట్టు దగ్గర జనం చూశారు. నడివేసవిలో స్వెటరు వేసుకున్న గుమాస్తా, వెనకాల వీధి మొత్తం, గుట్టవైపు. గ్లాసులు దించేశారు. "భాగో! ఊపర్ భాగో!" అన్నాడు టీకొట్టతను, పొయ్యి కూడా ఆర్పకుండా. ఆటోవాళ్లు ఆటోలు వదిలేశారు. చేపల బుట్టలు నడిరోడ్డు మీద ఉండిపోయాయి. అప్పుడే స్కూటర్ మీద వస్తున్న ఉదయ్‌కుమార్ ఎదురొచ్చే జనాన్ని చూసి, స్కూటర్ పారేసి, అదే జనంలో కలిశాడు.

ఇంత జనం వస్తుంటే గోవిందరాజులు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఈగలకైతే ఇంతమంది పరుగెత్తరు. అంటే నిజంగానే నీళ్లొచ్చాయి! వేగం పెంచాడు. అతను వేగం పెంచడం చూసి, ఈగలకు భయపడి బయల్దేరిన కన్నారావు కూడా నీళ్లే అనుకున్నాడు. "పానీ ఆ గయా!" అని అరిచాడు. సముద్రం మీద బతికేవాడి నోట ఆ మాట విన్నాక ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

మైదానానికి అందరికంటే ముందు చేరింది మోకాళ్ల నొప్పుల మహాలక్ష్మమ్మ. కాస్త ఊపిరి అందాక ఆచారం ప్రకారం అడగడం మొదలైంది. కింద ఫీనిక్స్ బేలో బోట్లు కట్టినచోటే ఊగుతున్నాయి. సముద్రం కునుకు తీయడానికి సిద్ధమవుతున్నట్టుంది.

"నీళ్లెవడు చూశాడు?"

"నేను టీకొట్టు భయ్యాని చూశా."

"నేను కన్నారావుని చూశా."

"నేను మా అమ్మని చూసేను."

"నాను ఈ రాజులుబాబుని చూసేను!"

అందరూ గోవిందరాజులు వైపు తిరిగారు. ఉదయ్‌కుమార్ అతణ్ణి టోపీ నుంచి కిందిదాకా చూసి, ముక్కు ఎగబీల్చి, నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"స్వెటరేంటి సార్? నల్లగా, బొచ్చుగా! తేనె దోచేది ఎలుగుబంటి అని వాటి పుట్టుకలోనే ఉంది. దానికి తోడు అరటిపండా? ఈగ కుడితే దాని ముల్లు దగ్గర్నుంచి అరటిపండు వాసనే వస్తుంది సార్. ఆ వాసన తగిలితే మిగతావి యుద్ధమనుకుంటాయి!"

"అండమాన్‌లో ఎలుగుబంట్లే లేవు కదయ్యా," అన్నాడు గోవిందరాజులు దీనంగా.

"ఇప్పటిదాకా లేవు," అన్నాడు కన్నారావు.

మైదానమంతా నవ్వింది. తట్లు తేలినవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వుల మధ్య పద్మిని చుట్టూ వెతుక్కుని, "మరి దీదీ ఏది?" అంది.

గోవిందరాజులు దిగువకు పరుగెత్తాడు. దారిలో టోపీ ఎక్కడో పడిపోయింది, స్వెటర్‌ను ఏ కంచె మీదో విసిరేశాడు. ఏడాది కిందట ఇదే దారిలో ఆమె చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి, ఆయాసం తీర్చుకోనిస్తూ ఎక్కించిన సంగతి ఒక్కో మలుపులోనూ గుర్తుకొచ్చింది. వెనకే వీధి మొత్తం దిగింది. ఈసారి ఎందుకని ఎవరూ అడగలేదు.

భారతీదేవి స్టూలు మీదే ఉంది. పెట్టె మీద తడితువ్వాలు పరిచి ఉంది. కింద సందులోంచి ఈగలు ఒక్కొక్కటే బుద్ధిగా లోపలికి వెళుతున్నాయి. ఆమె చేతిలో టీగ్లాసు ఉంది. సీసాలో మిగిలిన పంచదార నీళ్లతో కాచుకున్న టీ.

"మీరే మూశారా మేడమ్?" అన్నాడు ఉదయ్‌కుమార్ నోరు తెరిచి. "పొగ లేకుండా? వట్టి చేతుల్తో?"

"గబగబా లేస్తే నాకు ఊపిరి అందదు బాబూ. మెల్లగా లేచాను, మెల్లగా గుడ్డ తడిపాను, మెల్లగా కప్పాను. ఒక్కటీ కుట్టలేదు."

గోవిందరాజులు ముఖం వెలిగింది. "చూశారా పిన్నీ? నే చెప్పలేదా, సాధువులని! ఇక పెట్టె..."

"మాట మాటే," అంది మహాలక్ష్మమ్మ, కొత్తగా ఉబ్బిన చెవి పట్టుకుని. "నన్ను కుట్టింది. కన్నారావూ, రేపు బోటెక్కించీ."

భారతీదేవి గ్లాసు కింద పెట్టింది.

"నీళ్లొచ్చాయనుకుని అందరూ పైకి పోయారు కదా పిన్నీ. నన్ను కూడా తీసుకుపోవాలని ఒక్కరికైనా తోచిందా?"

గోవిందరాజులు చేతులు నలుపుకున్నాడు. పద్మిని కొంగు సర్దుకుంది. పెట్టె ఒక్కటే ఊఁ ఊఁ అంటోంది.

"నన్నొదిలి పోనివి ఈ ఈగలే. ఇవి ఇక్కడే ఉంటాయి. పంపాల్సింది పారిపోయినవాళ్లని. మీ బోటు సరిపోతుందా, కన్నారావ్?"