అంగీకార పత్రం అదృశ్యం

"ఈ హైదరాబాదులో నేరం చేసి తప్పించుకున్నవాళ్లు ఇద్దరే సాయిలూ. ఒకడు నేను పుట్టకముందు చేశాడు. రెండోవాడు నేను తిరుపతి వెళ్లినప్పుడు చేశాడు."

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, సాయిలు జిరాక్స్ దుకాణం ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని డిటెక్టివ్ హనుమత్ప్రసాద్ ఈ ప్రకటన చేశాడు. సాయిలు తల ఊపాడు. ఏడేళ్లుగా ఊపుతూనే ఉన్నాడు. ఇప్పుడది మెడకి అలవాటైపోయింది, చెవులతో పనిలేదు.

హనుమత్ప్రసాద్‌ది కాకినాడ. ఇన్సూరెన్సు కంపెనీలో ఇరవై నాలుగేళ్లు గుమాస్తాగా చేశాడు. ఒకరోజు, చనిపోయాడని క్లెయిము పాసైన మనిషి యూసుఫ్‌గూడ మార్కెట్లో వంకాయలు ఏరుతూ కనిపించాడు. తనలో ఒక మహా డిటెక్టివ్ ఇన్నాళ్లూ నిద్రపోతున్నాడని హనుమత్ప్రసాద్‌కి ఆ క్షణంలో తెలిసిపోయింది. మర్నాడే రాజీనామా ఇచ్చాడు. వంకాయలు ఏరింది పోయినాయన కవల తమ్ముడని వారం తర్వాత తేలింది గానీ, అప్పటికి రాజీనామా ఆమోదమైపోయింది. అప్పట్నుంచి ఇల్లు శ్రీనగర్ కాలనీలో, హెడ్‌క్వార్టర్స్ సాయిలు స్టూలు మీద.

ఈ స్నేహం వల్ల సాయిలుకి ఒరిగింది ఒక్కటే. దుకాణం ఎప్పుడూ ఖాళీగా కనిపించదు.

ఆ రోజు పన్నెండు గంటలకి ధాత్రి పరుగున వచ్చింది. యూసుఫ్‌గూడలో గది అద్దెకు తీసుకుని, నగరంలోని ఒక క్యాన్సర్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న పిల్ల. పొద్దున పదింటికి సాయిలుకి ఒక ఫైలు ఇచ్చి, ప్రతి కాగితానికీ మూడేసి కాపీలు తీయించుకుని వెళ్లింది. ఇప్పుడు అదే ఫైలు చేతిలో ఉంది, మొహంలో మాత్రం రక్తం లేదు.

"అన్నా, అంగీకార పత్రం జిరాక్సులు మూడున్నయి. ఒరిజినల్ లేదు."

సాయిలు మిషను మూత ఎత్తి చూశాడు. అద్దం మీద ఏమీ లేదు. ఆమె ఊపిరి కూడదీసుకుంటూ సంగతంతా చెప్పింది. అది వృత్తిలో తొలి మెట్ల మీద ఉన్న క్యాన్సర్ పరిశోధకులకి ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్. మూడేళ్లు నిశ్చింతగా పని చేసుకోవచ్చు. కాగితాలన్నీ సాయంత్రం అయిదులోగా పంజాగుట్టలోని ఆఫీసులో ఇవ్వాలి. పదకొండో నియమం ప్రకారం, అభ్యర్థికి చోటిస్తామని సంస్థ డైరెక్టర్ స్వయంగా సంతకం చేసిన పత్రం ఉండాలి. జిరాక్సు చెల్లదు. ఆ డైరెక్టర్ నిన్ననే జపాన్ విమానం ఎక్కాడు. ఇక నాలుగో నియమం ప్రకారం, పీహెచ్‌డీ వచ్చి అయిదేళ్లు దాటకూడదు. ధాత్రికి వచ్చే నెలతో దాటిపోతాయి. ఈ సాయంత్రం తప్పితే ఈ ఫెలోషిప్ ఆమెకి ఈ జన్మకి లేదు.

నోటి క్యాన్సర్‌ని పుండు పడకముందే ఉమ్మిలో పసిగట్టవచ్చా అన్నది ఆమె పరిశోధన. సాయిలు అన్న ఐలయ్య ముప్పయ్యేళ్లు గుట్కా నమిలి, ఇప్పుడు సగం దవడతో గంజి తాగుతున్నాడు. అందుకే పొద్దున ఆమె ఫైలుని సాయిలు వరుసలో ఉన్న అందరికంటే ముందు మిషను మీద పెట్టాడు. ఆ తొందరలోనే ఏదో జరిగింది.

"కంగారు పడకండమ్మా," అంటూ హనుమత్ప్రసాద్ లేచాడు. స్టూలు కూడా ఆయనతోపాటు కొంచెం లేచి కింద పడింది. "పోయింది కాగితం కాదు. క్యాన్సర్ మందు ఫార్ములా."

"కాదంకుల్. నేనొక టేబులు, ఒక ఫ్రిజ్ వాడుకోవచ్చని రాసిన లెటర్."

"టేబులు, ఫ్రిజ్." ఆయన కళ్లు సగం మూశాడు. "సంకేత భాష. శత్రువు చాలా తెలివైనవాడు. అంకుల్ అనకండి, కేసు నడిచినంతసేపూ డిటెక్టివ్ గారు అనండి."

నియమావళి ఇమ్మని తీసుకుని పద్దెనిమిది నియమాలూ చదివాడు. ఏడో నియమం దగ్గర వేలు ఆగింది. ఒక గైడు దగ్గర్నుంచి ఏడాదికి ఒక్క దరఖాస్తే తీసుకుంటారట. మీ గైడు దగ్గర ఇంకెవరున్నారని అడిగాడు. వంశీకృష్ణ అని ఒకతను ఉన్నాడని, మంచివాడేనని, ఈమధ్య మాత్రం రోజూ ఒంటిగంటకల్లా ఎవరికీ చెప్పకుండా ల్యాబులోంచి మాయమై ఫోను ఆపేస్తున్నాడని ధాత్రి చెప్పింది. చెప్పినందుకు వెంటనే నాలుక కరుచుకుంది.

"ఏడో నియమం, నెత్తుటి నీడ," అన్నాడు హనుమత్ప్రసాద్. కేసుకి ముందు పేరు పెట్టడం ఆయన పద్ధతి. పోయినేడు మధురానగర్ లేడీస్ హాస్టల్లో పోయిన కుక్కర్ మూత కేసుకి 'ఆవిరైన ఆధారం' అని పెట్టాడు. మూత దొరకలేదు. పేరు మాత్రం బాగుందని అందరూ అన్నారు.

సాయిలు బుర్ర అప్పటికే వేరే దారిన నడుస్తోంది. పొద్దున అదే టేబులు మీద ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల డేటా సైన్స్ నోట్సులు స్పైరల్ బైండింగ్ చేశాడు. ఆ కట్టల పక్కనే ఈ పిల్ల ఫైలు పరిచాడు.

"ప్రసాదన్నా, జర ఆగు. గా కాయితం నోట్సులల్ల కలిసి బైండింగ్ అయిపోయిందేమో. పదకొండింటికి కోచింగోళ్లొచ్చి కట్టలన్నీ తీస్కవోయిన్రు. పోయి చూస్తే తెలుస్తది."

"సాయిలూ, అంతర్జాతీయ కుట్రలు బైండింగ్ టేబులు మీద జరగవు," అని హనుమత్ప్రసాద్ జాలిగా నవ్వాడు. ధాత్రి ఫోనులోంచి వంశీకృష్ణ ఫొటో తన ఫోనులోకి ఎక్కించుకుని, సంచీ భుజాన వేసుకుని, అమీర్‌పేట మెట్రో స్టేషన్ వైపు కదిలాడు. ఈ నగరంలో ఏ నేరస్థుడైనా ఏదో ఒక రోజు రైలు మారాల్సింది అక్కడేనన్నది ఆయన సిద్ధాంతం.

సాయిలు షట్టరు దించి, ధాత్రిని వెంటబెట్టుకుని నాలుగు సందుల అవతల ఉన్న కోచింగ్ సెంటర్‌కి నడిచాడు. ఆఫీసు గదికి తాళం. రెండింటికి తెరుస్తారని వాచ్‌మన్ చెప్పాడు. మెట్ల మీద కూర్చున్నారు. ధాత్రి గంటన్నర సేపు ఆ తాళం వైపే చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే సాయిలుకి కాస్త తేలికగా ఉండేది.

రెండింటికి తలుపు తెరిచారు గానీ, నోట్సులన్నీ వెనక గేటు వైపు క్లాసులో అప్పటికే పంచేశారు. పాఠం చెప్పే సారుని బతిమాలి ఒప్పించి, ఇద్దరూ బెంచీ బెంచీకీ తిరుగుతూ నోట్సులు అడిగి తీసుకుని పేజీలు తిప్పసాగారు. ఒక్కో పుస్తకం మూడు వందల పేజీలు. మూడో వరుసలో ఒకతను పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఎంతకీ ఇవ్వడు. ధాత్రి పట్టుకుని కిందికి లాగింది.

వెనకాల వంశీకృష్ణ ఉన్నాడు.

"నువ్వేంది ఇక్కడ?"

అతను పుస్తకం మూసి బెంచీ మీద పెట్టాడు. "నా అయిదేళ్లు మార్చిలో అయిపోయాయి ధాత్రీ. నోటిఫికేషన్ ఏప్రిల్లో వచ్చింది. ఇరవై రెండు రోజులు తేడా. ఇంక ల్యాబులో ఎన్నాళ్లుంటాను. గైడు గారికి చెప్పడానికి మొహం చెల్లక, రోజూ మధ్యాహ్నం ఇక్కడికొచ్చి ఇది నేర్చుకుంటున్నా."

ధాత్రి ఆ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పసాగింది. సాయిలుకి మాత్రం వచ్చే నెల అదే బెంచీ మీద ఇంకొకరు కూర్చున్నట్టు కనిపించింది. వంశీకృష్ణ సంగతంతా విని లేచాడు. "నువ్వు ఆ వరుసలు చూడు. ఇటు నేను చూస్తా."

ఈలోపల సాయిలు ఫోనుకి హెడ్‌క్వార్టర్స్ నుంచి వార్తలు వస్తూనే ఉన్నాయి. మొదటిసారి, నిందితుడు దొరికాడని, వెంబడిస్తున్నానని. రెండోసారి, వాడు పంజాగుట్ట రైలు ఎక్కినట్టే ఎక్కి, దిగి, యూసుఫ్‌గూడ వైపు వెళ్లే రైలు ఎక్కాడని, మామూలు మనిషి కాడని. మూడోసారి గొంతు బాగా తగ్గింది. యూసుఫ్‌గూడలో వాడి స్థావరంలోకి ప్రవేశించానని, ఎవరో తన ఛాతీ చుట్టూ టేపు చుడుతున్నారని, ఏ క్షణాన్నైనా ఫోను తెగిపోవచ్చని చెప్పాడు.

"అన్నా, అది టైలర్ షాపు," అన్నాడు సాయిలు. "వంశీకృష్ణ ఈడ మా దగ్గరున్నడు. పేజీలు తిప్పుతుండు."

అవతల ఎవరో కొలత పైకి చదివారు. తర్వాత, "అయితే కవలలు," అని వినిపించింది. "వస్తున్నాను. వాణ్ని కదలనివ్వకు."

మూడు నలభై అయ్యేసరికి ముప్పై తొమ్మిది నోట్సులు తిప్పేశారు. ఎందులోనూ లేదు. పైగా క్లాసు సారు సాయిలుని పక్కకి పిలిచి, నలభై అని ముప్పై తొమ్మిదే ఇచ్చారని, పాపం దివ్యశ్రీ అనే అమ్మాయి పక్కమ్మాయి పుస్తకంలోకి మెడ సాచి చదువుతోందని నిష్ఠూరమాడాడు. సాయిలు నలభై బైండింగ్ చేశానని ఒట్టేశాడు. లెక్క తప్పలేదని ఆయనకి తెలుసు. నలభయ్యోది ఎక్కడుందో తెలియదు. ధాత్రి ఫైలుని ఒళ్లో పెట్టుకుని దాని తాడు ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది.

నాలుగుంబావుకి మెట్ల మీద ఒక పుస్తకం నడుచుకుంటూ వచ్చింది.

కింద రెండు కాళ్లు, పైన తెరిచిపట్టుకున్న డేటా సైన్స్ నోట్సు, దాని అట్టకి గుండ్రంగా రెండు కన్నాలు, కన్నాల్లో రెండు కళ్లు. కళ్లు వంశీకృష్ణని గుర్తుపట్టి పెద్దవయ్యాయి. మధ్యలో ఉన్న అద్దాల తలుపుని గుర్తుపట్టలేదు. ఢామ్మని చప్పుడైంది. స్పైరల్ తీగ ఊడి, మూడు వందల పేజీలూ వరండా నిండా పరుచుకున్నాయి. వాటి మధ్య డిటెక్టివ్ హనుమత్ప్రసాద్ ముక్కు పట్టుకుని కూలబడ్డాడు.

సాయిలు ఆయన్ని చూడలేదు. అట్టని చూశాడు.

"అన్నా, గీ బుక్కు నీకు యాడిది?"

"పొద్దున నువ్వు టీకి పోయినప్పుడు కట్టలోంచి తీసుకున్నాను. అమీర్‌పేటలో దీన్ని మించిన మారువేషం లేదు సాయిలూ. నోట్సు పట్టుకున్నవాణ్ని ఎవరూ రెండోసారి చూడరు."

ధాత్రి అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని కాగితాలు ఏరుతోంది. అట్ట కిందిది పక్కన పెట్టింది. రెండోది పక్కన పెట్టింది. మూడోది పట్టుకుని అలాగే ఉండిపోయింది. సంస్థ పేరు, గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ సిరాతో డైరెక్టర్ సంతకం. ఎడమ అంచు పొడవునా బైండింగ్ మిషను పొడిచిన చిన్న చిన్న తూట్లు. నడినెత్తిన రూపాయి బిళ్లంత కన్నాలు రెండు. టేబులు మిగిలింది గానీ, ఫ్రిజ్ కుడి కన్నంలో పోయింది.

మూడున్నర గంటలు ఆయన ఆ పత్రాన్ని ముక్కుకి ఆనించుకుని, దాని కోసమే ఊరంతా తిరిగాడు.

"కోసేటప్పుడన్న సూడలేదా అన్నా?" సాయిలు గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

"డిటెక్టివ్ రంధ్రంలోంచి చూస్తాడు సాయిలూ. రంధ్రం చుట్టూ ఏముందో చూడడు."

పంజాగుట్ట ఒక్క స్టేషను దూరం. నాలుగు నలభైకి నలుగురూ కౌంటర్ ముందు ఉన్నారు. కౌంటర్ వెనక వీరవెంకటసత్యనారాయణ గారు ఉన్నారు. ఆయన పేరున్న చెక్క పలక టేబులు సగానికి వస్తుంది. ఆయన కాగితాలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి, అంగీకార పత్రం దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇవేంటమ్మా?"

ధాత్రి జరిగింది జరిగినట్టు చెప్పింది. హనుమత్ప్రసాద్ ఏదో కలపబోయాడు. సాయిలు ఆయన కాలి మీద తన చెప్పు కాలు పెట్టి అలాగే ఉంచాడు.

సత్యనారాయణ గారు సొరుగులోంచి నియమావళి తీసి, వేలు ఆనించి పైకే చదవసాగారు. కొట్టివేతలు ఉండకూడదు. లేవు. వైట్నర్ పూయకూడదు. పూయలేదు. లామినేషన్ చేయకూడదు. చేయలేదు. సంతకం మీద ముద్ర పడకూడదు. పడలేదు. పద్దెనిమిది నియమాలూ అయ్యాయి. అనుబంధం ఒకటి, అనుబంధం రెండు. గోడ గడియారంలో నాలుగు యాభై మూడు. ధాత్రి కౌంటర్ అంచుని రెండు చేతులతో పట్టుకుంది.

ఆయన పత్రాన్ని వెలుతురుకి ఎత్తి పట్టారు. అనుకోకుండా కన్నాలు రెండూ ఆయన కళ్లకి సరిగ్గా కుదిరాయి. వాటిలోంచి కాసేపు ఆ పిల్లని చూశారు.

"ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో కన్నాలున్న పత్రం చూడలేదు. ఇది తీసుకోవాలని ఎక్కడా రాయలేదు."

సాయిలు కాలు ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"తీసుకోకూడదని కూడా రాయలేదు. లేని నియమాన్ని పెట్టే అధికారం నాకు లేదమ్మా." ముద్ర తీసి, నోటితో ఆవిరి ఊది, దరఖాస్తు మీద గట్టిగా కొట్టారు. నాలుగు యాభై ఆరు.

ధాత్రి రసీదు తీసుకుని ఆ కౌంటర్ మీదే తల వాల్చి ఏడ్చింది. వంశీకృష్ణ మంచినీళ్లు తెచ్చాడు. సాయిలు అప్పుడు గానీ కాలు తీయలేదు.

సెప్టెంబరులో వచ్చిన జాబితాలో ఆమె పేరుంది.

మరుసటి ఏడాది, ఆమె ల్యాబులోనే పనిచేసే నవీన అనే అమ్మాయి ఆ ఏటి నియమావళి జిరాక్సుకి తెచ్చింది. సాయిలు చదివే మనిషి కాడు గానీ, చివరి పేజీ దగ్గర చెయ్యి ఆగింది. పద్దెనిమిది కింద కొత్తగా ఒకటి చేరింది: '19. అంగీకార పత్రమునకు కన్నుల కొరకు రంధ్రములు చేయరాదు.'

హనుమత్ప్రసాద్ ఆ పేజీకి ఒక కాపీ తీయించుకుని, లామినేషన్ చేయించి, స్టూలు వెనక గోడకి మేకు కొట్టి తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఒక్క కేసుతో ప్రభుత్వం చేత చట్టం రాయించిన డిటెక్టివ్ ప్రపంచంలో ఇంకొకడున్నాడా అని అడిగేవాడు.

"మరి మీ పేరు లేదే సార్?" అంది నవీన.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "కావాలనే రాయలేదమ్మా. నా ప్రాణాలకి ముప్పని వాళ్లకి తెలుసు."