ఇంగ్లీషు పేరున్న రోగమే రోగం

మనిషికి రోగమంటూ వస్తే ఇంగ్లీషు పేరున్న రోగమే రావాలి! కడుపు ఉబ్బరం, నీరసం, కళ్లు తిరగడం... ఇవీ ఒక రోగాలేనా? తెలుగులో చెప్పుకునే రోగానికి ఇంట్లో విలువ ఉండదు, వీధిలో పరపతి ఉండదు. రోగం పేరు పలకబోతే నాలుక మడతపడాలి. విన్నవాళ్లు "అమ్మో!" అని నోటి మీద చెయ్యి పెట్టుకోవాలి. రోగికి గౌరవం అప్పుడే!

నమ్మరా? అయితే మిర్యాలగూడ రైసుమిల్లు సత్తయ్య సేటు కోడలు ఆండాళు సంగతి వినండి.

ఆండాళు పుట్టిల్లు సూర్యాపేట. ఎనభైల చివర్లో సత్తయ్య సేటు కొడుకు బద్రీనాథ్‌ను చేసుకుని మిర్యాలగూడ వచ్చింది. తల్లిగారింట్లో పొద్దున అన్నం, రాత్రి అన్నం, నడుమ ఆకలేస్తే జొన్నరొట్టె. మరి అత్తగారిదో? ఊళ్లకు ఊళ్లకు బియ్యం పంపే ఇల్లు! మిల్లులోకి తొంగిచూస్తే బస్తాలు గోడల్లా నిలబడి ఉంటాయి. కానీ ఆ ఇంట్లో రాత్రిపూట ఒక్క మెతుకు కనిపిస్తే ఒట్టు.

ఎందుకంటారా? సత్తయ్య సేటుకు షుగరొచ్చింది. రాత్రిపూట చపాతీ తినమన్నాడు డాక్టరు. ఆయనొక్కడికీ వేరే వంటేమిటని ఆయన భార్య రాజేశ్వరి ఇంటిల్లిపాదికీ చపాతీలే చేయించింది. మందుగా వచ్చిన చపాతీ మెల్లగా హోదాగా మారింది. దాని వెనకాలే పొద్దున ఉప్మా వచ్చింది, సాయంత్రం చాయలోకి బిస్కట్లొచ్చాయి. "రెండు పూటలా అన్నం తినేటోళ్లు మొరటోళ్లు" అనేది రాజేశ్వరమ్మ సిద్ధాంతం. ఆ మొరటోళ్లు తినడం మానేస్తే మిల్లు ఎలా ఆడుతుందని ఎవరూ అడగలేదు. సిద్ధాంతాలను అడగకూడదు కదా!

కాపురానికి వచ్చిన ఏడాది తిరక్కుండానే ఆండాళు కడుపు ఉబ్బడం మొదలైంది. రాజేశ్వరమ్మ సంబరపడిపోయి గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది. అది ఆ ఉబ్బు కాదని తేలాక, కోడలు తనను మోసం చేసినట్టు మూతి ముడుచుకుంది. ఆ తర్వాత విరేచనాలు. ఆ తర్వాత నీరసం. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చేది. నీళ్ల బిందె ఎత్తితే కాళ్లు వణికేవి.

"అత్తమ్మా, చపాతీ తిన్ననాడే కడుపుల తిప్పుతుంది. నాకు జర అన్నం పెట్టరాదు?" అని ఆండాళు అడిగింది.

"చపాతీ అరగదంటే లోకం నవ్వుతది! షుగరొచ్చిన ముసలాయన తింటుండు. వయసుల ఉన్నదానివి, నీకేమైంది?"

లాజిక్కు చూశారా! కోర్టులో కూడా నిలబడుతుంది.

ఊళ్లో జవహర్ డాక్టరు నాడి చూశాడు, నాలుక చూశాడు, కనురెప్ప కిందికి లాగి చూశాడు. "రక్తం తక్కువుంది. అన్నం బరువు, కొన్నాళ్లు బంద్ పెట్టండి. బ్రెడ్డు, బిస్కట్లు, పాలల్ల మాల్టు పొడి ఇయ్యండి" అన్నాడు. మంచం పట్టిన మనిషిని వట్టి చేతులతో చూడ్డానికి వెళ్లడం మన మర్యాద కాదు గదా! వచ్చినవాళ్లంతా తలా ఓ బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకొచ్చారు. బ్రెడ్డు తిన్నకొద్దీ ఆండాళు చిక్కిపోయింది. చిక్కినకొద్దీ చూడ్డానికి వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లతో పాటు బ్రెడ్డూ పెరిగింది. ఇంతటి ప్రేమను తట్టుకోవడం ఏ పేగుకు సాధ్యం?

చివరికి విశ్రాంతి కోసమని సూర్యాపేట పంపారు. అక్కడ అమ్మ ఏ డాక్టరునూ అడక్కుండా అన్నంలో పప్పు కలిపి పెట్టింది, మజ్జిగ పోసింది, జొన్నరొట్టె మీద వెన్న రాసిచ్చింది. పండగ రెండు నెలలుందనగా వెళ్లిన ఆండాళు పండగ నాటికి బుగ్గలొచ్చి కళకళలాడింది. భార్యను చూసి బద్రీనాథ్ మురిసిపోయి మిర్యాలగూడ తీసుకొచ్చాడు. రాగానే చపాతీ. మళ్లీ మంచం.

"చూసినవా బిడ్డా!" అంది రాజేశ్వరమ్మ కొడుకుతో. "తల్లిగారింట్ల నిమ్మళంగ ఉంటది. గీడికి రాంగనే మంచమెక్కుతది. గిది రోగం కాదు, నాటకం. ఇంకొక్కసారి గిట్లైతే గాడనే ఉండుమను. పెద్దమనుషుల్ల పెడదాం."

బద్రీనాథ్ చెడ్డవాడేమీ కాదు. తల్లి మాట కాదనలేడు, భార్య మొహం చూడలేడు, అందుకని ఎక్కువగా మిల్లులోనే ఉండేవాడు. ఒకరోజు ధైర్యం చేసి మెల్లగా అడిగాడు. "ఆండాళు, నిజం చెప్పు. నీకీడ మనసున పడ్తలేదా?"

ఆండాళు తన పొట్ట వైపు చూసుకుంది. ఇంటిల్లిపాదీ ఒకే మాట అంటూంటే మనిషికి తన కడుపు మీద తనకే అనుమానమొస్తుంది. నేను నిజంగానే నాటకమాడుతున్నానా? నాకే తెలియకుండా? ఆ రోజు నుంచి చపాతీ పెడితే నోరెత్తకుండా తినేది. తిన్నాక పెరట్లోకి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా వాంతి చేసుకునేది.

కోడలి ఆరోగ్యం కోసం రాజేశ్వరమ్మ వ్రతం చేయించింది. మనిషి కటువే గానీ భక్తి తక్కువ కాదు. గోధుమరవ్వలో నెయ్యి, బెల్లం ధారాళంగా పోసి ప్రసాదం చేశారు. "నీ కోసమే చేయించిన. దోసిలి పట్టు" అంటూ పెద్ద ముద్ద పెట్టింది. ప్రసాదం కాదన్నవాళ్లకు ఏం గతి పడుతుందో పంతులు అప్పుడే కథలో చెప్పి ఉన్నాడు. దేవుడి ముందు నాటకమాడే ధైర్యం ఆండాళుకు లేదు. కళ్లకద్దుకుని మొత్తం తినేసింది.

పొద్దుగూకేలోపు స్నానాల గది గడపలో పడిపోయింది. బద్రీనాథ్ పరుగెత్తుకొచ్చి ఎత్తుకున్నాడు. పెళ్లినాటి మనిషిలో సగం బరువు కూడా చేతికి తగల్లేదు. ఎవరినీ అడక్కుండా, మొదటిసారి ఎవరినీ అడక్కుండా, జీపు మాట్లాడి హైదరాబాద్ తీసుకెళ్లాడు.

అక్కడి పెద్ద డాక్టరు నోట్లోంచి పైపు వేసి, పేగు ముక్క గిల్లి పరీక్షకు పంపించాడు. రిపోర్టు వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. "దీన్ని సీలియాక్ డిసీజ్ అంటారు. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. అది ఈమె పేగును తినేస్తోంది. గోధుమ, మైదా, రవ్వ, మాల్టు... ఏవీ ముట్టకూడదు. జన్మలో!"

"మరి మందు?" అన్నాడు బద్రీనాథ్.

"అన్నం."

"అన్నమా!"

"అవును. మీదేం వ్యాపారం?"

"రైసుమిల్లు" అన్నాడు బద్రీనాథ్, దొంగతనం ఒప్పుకున్నట్టు.

ఆండాళు ఒక్కసారిగా వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరు కంగారుపడి, ప్రాణానికి భయం లేదమ్మా అన్నాడు. "భయంతోని ఏడుస్తలేను సార్. నాది నాటకం కాదు గదా! గది చాలు."

ఇక చూసుకోండి సీలియాక్ మహిమ! రోగం అదే, కడుపు అదే, కోడలు అదే. కానీ పేరు ఇంటికి రాగానే రాజేశ్వరమ్మ స్వయంగా స్టవ్ కడిగించింది, కోడలికి వేరే గిన్నెలు తెప్పించింది. చూడ్డానికొచ్చినవాళ్లు "సీలియాకా? ఏం ఆకది? పసరు తాగితే తగ్గదా?" అని అడిగితే చిరునవ్వు నవ్వింది. పాపం, చదువులేని జనం!

ఓసారి చారు పోసుకున్నాక ఆండాళుకు మళ్లీ కడుపులో తిప్పింది. వంటింట్లోకి వెళ్లి ఒక్కో డబ్బా తిప్పి చూస్తే, ఇంగువలో గోధుమపిండి కలిపారని డబ్బా మీద సన్న అక్షరాలతో రాసి ఉంది. రోగానికి పేరు రాకముందు చెబితే "ఇంగువకు కూడా వంక వెడ్తున్నవా?" అనేవారు. ఇప్పుడు? రాజేశ్వరమ్మ ఆ డబ్బా తీసుకెళ్లి, పామును పారేసినట్టు, గోడ అవతలికి విసిరేసింది.

ఆ ఏడు కోదాడలో ఆడబిడ్డ అత్తగారింట్లో గృహప్రవేశం. అందరూ వెళ్లారు. వియ్యపురాలు రవ్వ ప్రసాదం పళ్లెంతో ఆండాళు ముందుకొచ్చింది.

"అదేంటమ్మాయ్, వద్దంటావేంటి? దేవుడి ప్రసాదం. ఒక్క ముద్ద తింటే ఏవవుద్ది?"

ఆండాళు నోరు తెరిచేలోపే రాజేశ్వరమ్మ మధ్యలోకొచ్చింది. "వద్దు వదినె! దానికి సీలియాకు. హైదరాబాద్‌ల నోట్లకెళ్లి పైపేసి చూసిండ్రు. గోధుమ తగిలితే పేగులు ఖతం!"

"అమ్మ బాబోయ్! ఎంతమందికొస్తదండీ అది?"

"లచ్చల ఒక్కరికి" అంది రాజేశ్వరమ్మ. కోడలికి కలెక్టరు ఉద్యోగం వచ్చినా గొంతులో అంత గర్వం పలికేది కాదేమో! ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. ఆండాళును సోఫాలో కూర్చోబెట్టారు. వెండి కంచంలో అన్నం, పెరుగు తెచ్చి చేతికిచ్చారు. అప్పుడెంత బతిమాలినా దొరకని అన్నం! ఒక్క ఇంగ్లీషు ముక్కకు వెండి కంచంలో దిగింది. తిని చెయ్యి కడుక్కునేటప్పుడు ఆండాళుకు నవ్వొచ్చింది, ఎందుకో కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

అందుకే అంటున్నాను, రోగానికి పేరు ముఖ్యం. మనిషి మాటదేముంది!

నాలుగైదేళ్లు గడిచాయి. ఆండాళు ఒళ్లు చేసింది, ఆడపిల్లను కన్నది, మిల్లు వ్యవహారం కూడా చూస్తోంది. ఒక సాయంత్రం రాజేశ్వరమ్మ వసారాలో కూర్చుని, "ఏమో, పొద్దట్నుంచి ఛాతీల పట్టేసినట్టుంది. ఎడమ చెయ్యి గుంజుతుంది" అంది.

సత్తయ్య సేటు పేపరులోంచి తలెత్తలేదు. "వయసైతలేదా? గట్లనే ఉంటది."

"గ్యాసమ్మా. సోడా తాగు" అన్నాడు బద్రీనాథ్.

రాజేశ్వరమ్మ ఇంకేదో చెప్పబోయి మానేసింది. ఏం చెబుతుంది? దానికి పేరు లేదు. పైట చెంగుతో చెమట తుడుచుకుంటూ గోడకు ఆనుకుంది.

ఆండాళు బిడ్డను కింద దించి అత్తగారి పక్కన కూర్చుంది. "ఎప్పటిసంది అత్తమ్మా? ఛాతీల ఏడ పట్టేసినట్టుంది?"

"ఏందో తెల్వదు బిడ్డా. ఊకెనే అన్న. పోనీ తియ్యి."

"ఊకెనే ఎందుకంటవ్? నొస్తుందన్నవ్ గదా" అని ఆండాళు లేచి, వీధిలోకి వెళ్లి ఆటో పిలిచింది. మగవాళ్లు చెప్పులు వెతుక్కునేసరికి అత్తాకోడళ్లు ఎక్కి కూర్చున్నారు.

దవాఖానాలో అది గుండె అన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. కాగితం మీద రెండు వరుసల ఇంగ్లీషు పేరు కూడా రాసిచ్చారు. సత్తయ్య సేటు దాన్ని కష్టపడి బట్టీపట్టి, వచ్చేపోయేవాళ్లకు తడబడకుండా అప్పజెబుతున్నాడు. భార్యను మంచం దిగనివ్వడం లేదు.

ఆండాళు మాత్రం ఆ పేరేమిటని ఈనాటికీ అడగలేదు.