ఎదురింటి ప్రయాణం

ఆ రోజు పొద్దున గడియారాల తాత వేసుకున్న పథకం బహు చిన్నది. ఇల్లు దిగాలి, రోడ్డు దాటాలి, అక్కని చూడాలి. ఈ మాత్రం దానికి ముందురోజే నీలం చొక్కా ఇస్త్రీ చేయించాలా అంటే, చేయించాలి. ఎదురింటి గడప తొక్కి ఆరేళ్ళయింది మరి.

ఒకప్పుడు ఆ వీధి ఎంత ఇరుకంటే, అక్క అటు కిటికీలో తుమ్మితే తమ్ముడు ఇటు కిటికీలో ముక్కు తుడుచుకునేవాడు. తరవాత రోడ్డు వెడల్పు చేశారు. చెట్లు పోయాయి, కార్లు వచ్చాయి. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి కనుక తాత కిటికీ దగ్గర కూర్చుని లెక్క కట్టాడు. రెండు బళ్ళ మధ్య దొరికే సందు నాలుగు సెకన్లు. మోకాలి నొప్పితో అక్కకైనా, నడుం నొప్పితో తనకైనా రోడ్డు దాటడానికి రెండున్నర నిమిషాలు. ఆ లెక్క ఏ గడియారంలోనూ కుదరలేదు.

"కిరాయి బండెక్కి పోరాదా?" అనే బుద్ధిమంతులు ఉండనే ఉన్నారు. కానీ ఈ అక్కాతమ్ముళ్ళ వంశంలో ఎవరికీ బండి పడదు. ఒకసారి తాత తెగించి ఎక్కాడు. బండి వెనక్కి తిప్పే మలుపు ఎక్కడో ఉంది, అక్కడి దాకా పోయి తిరిగొచ్చేసరికి గంటన్నర. దిగీ దిగగానే అక్క గుమ్మంలో కళ్ళు తిరిగి పడ్డాడు. మాటా ముచ్చటా లేకుండా అదే బండిలో ఆస్పత్రికి పోయాడు. ఇంకెప్పుడూ బండెక్కనని అక్క ఒట్టేయించుకుంది. అప్పట్నించీ ఫోనే గతి. ఫోన్లో గొంతు వస్తుంది గానీ మనిషి రాదు కదా.

అక్క మనవరాలు చిన్న చిన్న సినిమాలు తీసే పిల్ల. లేడిలా దూకి రోడ్డు దాటగలిగేది ఆ ఇంట్లో అదొక్కతే. నడకకీ సైకిళ్ళకీ వీధులెలా ఉండాలో చూపించమని నగర కార్యాలయం వారు పోటీ పెట్టారు. ఏ వీధి సినిమా గెలిస్తే ఆ వీధికి ముందుగా దాటుదారి, సైకిల్ బాట వేస్తామన్నారు.

"కథేం లేదు తాతయ్యా. ఆరు నుంచి ఆరున్నర దాకా రోడ్డు మూయడానికి అనుమతి తెచ్చా. ఆరుంపావుకి ఎర్రగుడ్డ ఊపుతా. నువ్విటు నుంచి నడు, అమ్మమ్మ అటు నుంచి నడుస్తుంది. మధ్యలో కలుసుకుంటారు. అంతే సినిమా."

"కలిశాక ఏం మాట్లాడాలో రాసివ్వవే?"

"ఆరేళ్ళ మాటలున్నాయిగా, చాలవూ?"

ఆరింటికి రోడ్డుకి అడ్డంగా బల్లలు పడ్డాయి. బల్లలు వేసిన పోలీసు ఆ అనుమతి కాగితంలో 'రోడ్డు మూయవలెను' అన్నంతవరకే చదివాడు. ఎందుకన్నది వెనక పేజీలో ఉంది. కాగితం తిప్పడం ఆయనకి అలవాటు లేదు. 'ఊరికే రోడ్డు మూయరు, ఎవరో గొప్పవారు వస్తున్నారు' అనుకుని స్టేషన్‌కి ఫోన్ చేశాడు. స్టేషన్ వాళ్ళు పారిశుధ్యం వాళ్ళకి చేశారు. అయిదు నిమిషాల్లో పన్నెండు చీపుర్లు దిగాయి. బ్యాంకు కాపలావాడు పూలకుండీలు తెచ్చి వరసగా పెట్టాడు. సైకిళ్ళున్నవాళ్ళు సైకిళ్ళ మీద, లేనివాళ్ళు కాళ్ళ మీద, గడ్డం గీసుకుంటున్నవాళ్ళు సగం గడ్డంతో వచ్చేశారు.

"ఎవరొస్తున్నారంట?"

"ఎవరో పెద్దాయన."

"ఎంత పెద్దాయన?"

"రోడ్డే మూశారంటే చూస్కో మరి!"

తాతకి ఆరుంపావు దాకా మనసాగలేదు. మోకాలి నొప్పితో అక్క మెట్లెలా దిగుతుంది? తనే ముందుగా వెళ్ళి చెయ్యి పట్టుకోవాలనుకున్నాడు. ఇస్త్రీ చొక్కాతో గుమ్మం దిగాడో లేదో, పోలీసు నిలువునా సెల్యూట్ కొట్టాడు.

"నాయనా, నేను ఆ ఎదురింటికి వెళ్ళాలి."

"తమరు ఏ ఇంటికంటే ఆ ఇంటికే సార్! జరగండి, దారివ్వండి!"

ఇంకేముంది, జనం తాతని చుట్టేశారు. ఒకాయన కుళాయిలో నీళ్ళు రావడం లేదని అర్జీ జేబులో పెట్టాడు. ఒకావిడ పసిపిల్లని చేతుల్లో పెట్టి ఫోటో తీసింది. సైకిల్ వెనక కెమెరా కట్టుకుని మనవరాలు అంతా తీస్తూనే ఉంది. ఊపాల్సిన ఎర్రగుడ్డ జేబులోనే ఉండిపోయింది. రెండున్నర నిమిషాల దూరం ఇరవై నిమిషాలు పట్టింది.

అక్క ఇంటి మెట్ల దగ్గర మేనకోడలు ఒక్కతే ఉంది.

"అదేంటి మామయ్యా! అమ్మ నీ దగ్గరికే వచ్చిందిగా? వాడి నడుం వంగదు, నేనే వెళ్ళి దింపుకొస్తానని ఎప్పుడో బయల్దేరింది!"

తాత గిరుక్కున తిరిగాడు. సరిగ్గా ఆరున్నర. పెద్దాయన క్షేమంగా చేరారని పోలీసు బల్లలు తీసేశాడు. కట్లు తెంచుకున్న గొడ్లలా కార్లు ఉరికాయి. అవతల, తాత ఇంటి కిటికీలో, అక్క.

ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఎక్కడ చచ్చావురా?"

"మీ ఇంట్లో."

"ఎవడో పెద్దమనిషి అడ్డమొచ్చాడురా, చుట్టూ మూక. వాడి మొహం మండ, వాడు లేకపోతే నిన్ను చూసేదాన్ని."

"వాడు నేనేనే అక్కా."

అక్క కిటికీ చువ్వల్లోంచి ఇటు తొంగి చూసింది.

"చొక్కా చెయ్యి కనపడిందిరా, నీలంది," అంది. "ఎవడిదో గానీ మడత నలగలేదు అనుకున్నా."

"నీకోసమే చేయించా, ఇస్త్రీ."

"బాగుందిలే. ఇన్ని గడియారాలు పెట్టుకున్నావు, ఒక్కదాని టైమూ ఇంకోదానితో కలవదేంట్రా?"

మళ్ళీ రోడ్డు మూయమని మనవరాలు పోలీసుని బతిమాలింది. కొత్త అనుమతికి మూడు వారాలు పడుతుందన్నాడు. అందాకా అక్క తమ్ముడి మంచం మీద, తమ్ముడు అక్క మంచం మీద సర్దుకున్నారు. పోటీ గడువు అన్నాళ్ళు ఆగదు గనక మనవరాలు తీసినదే పంపేసింది.

పది రోజులకి కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ సినిమాకే మొదటి బహుమతి. 'మీ వీధిలో వందలాదిమంది హాయిగా నడుచుట, సైకిళ్ళు తొక్కుట, వృద్ధులను పోలీసులే దగ్గరుండి దాటించుట చూచి మిక్కిలి సంతోషించితిమి. కావున దాటుదారిని అవసరమున్న వేరొక వీధికి మంజూరు చేసితిమి.'

కథానాయకుడు గనక ఉత్తరం తమ్ముడి పేరు మీద తమ్ముడి ఇంటికే వచ్చింది. ఫోన్లో చదివి వినిపించింది మాత్రం అక్క.