నాలుగు వందల ఏళ్ల ఓక్ స్తంభం

లడ్‌మీర్ పట్టణ వారసత్వ సంఘం వారు గత వసంతంలో ఒక ప్రకటన వెలువరించారు. బజారు వీధి పదిహేడో నంబరు ఇల్లు మరో రెండంగుళాలు వీధివైపు ఒరిగిన శుభ సందర్భంలో యజమానురాలు శ్రీమతి డోర్కస్ ప్యూకు సంఘం హార్దిక అభినందనలు తెలిపింది. ఇంతటి వంపు జిల్లాలో మరే ఇంటికీ లేదనీ, ఇది పట్టణానికే గర్వకారణమనీ అందులో రాశారు.

డోర్కస్ ఆ కాగితాన్ని చీజ్ కోసే బల్ల మీద పరిచి రెండుసార్లు చదివింది. కింద చీజ్ దుకాణం, పైన కాపురం. ముప్పై ఏళ్లుగా అంతే. కాపురానికి వచ్చిన కొత్తలో మంచం కాళ్ల కింద ఒక ఇటుక పెడితే సరిపోయేది. ఇప్పుడు మూడు పడుతున్నాయి. అలమర మీంచి చీజ్ చక్రం జారితే గడప దాటి వీధిలోకి దొర్లిపోతుంది. యాత్రికులు దానికి ముచ్చటపడి ఫొటో తీసుకుంటారు. చీజ్ మాత్రం కొనరు.

వడ్రంగి ఏమోస్ ట్రాంటర్‌ను పిలిపించింది. అతను వీధి మూల స్తంభం అడుగున స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కాడు. పిడి దాకా దిగిపోయింది.

"ఇది ఓక్ కాదమ్మా, మీరమ్మే బూజు పట్టిన నీలి చీజే," అన్నాడు.

"నీ వేళాకోళానికేం గానీ, ఎందుకిలా అయింది?"

"మీ మామగారి పుణ్యం. గట్టిగా ఉంటుందని బయట సిమెంటు పూయించాడు కదా! లోపలికి పోయిన వాన నీళ్లు బయటికి రావొద్దూ?"

డోర్కస్‌కు అంతకుమించి చెప్పనక్కర్లేదు. ఊపిరాడకుండా బిగించి చుట్టిన సరుకు చెమటపట్టి కుళ్లుతుందని చీజ్ అమ్మేవాళ్లకు ఒకరు నేర్పాలా?

"ఎంతకాలం ఆగుతుంది?"

"వచ్చే చలికాలం దాటితే గొప్ప. ఆ మూల కూలిందా, మీరు మంచంతో సహా వీధిలో ఉంటారు. కుళ్లిన రెండడుగులూ కోసి కొత్త ఓక్ అతకాలి. సిమెంటు పెరికి సున్నం పూయాలి. మా తాతలు చేసిన పనే."

తాతలు చేసినా, ఇప్పుడు సంఘం అనుమతి లేకుండా పాత ఇంటి మీద ఉలి పెడితే జైలు. డోర్కస్ పన్నెండు ప్రతులతో దరఖాస్తు పెట్టింది. మూడు నెలల అతి స్వల్ప వ్యవధిలోనే పరిరక్షణాధికారి పెరిగ్రిన్ లవిబాండ్ స్వయంగా విచ్చేశాడు. మూడు రకాల చీజ్ రుచి చూసి, నాణ్యత విషయంలో రాజీ పడవద్దని ఉచిత సలహా ఇచ్చి, స్తంభం ముందు నిలబడి ఉపన్యసించాడు.

"ప్యూ అమ్మగారూ, ఈ ఇల్లు వారసత్వ జాబితాకెక్కిన నాటికే సిమెంటు ఉంది. కనుక సిమెంటూ వారసత్వమే. ఇక కుళ్లంటారా, అది కాలం పెట్టిన సంతకం. కోయడానికి మనమెవరం?"

"నా నెత్తిన పడితేనో?"

"ఇంటిని నిటారుగా నిలబెడితే చరిత్ర వంగిపోతుందమ్మా!"

కరుణామయుడు కాబట్టి, ఒక ఇనుప ఊత పెట్టుకోవడానికి మాత్రం అనుమతించాడు. దానికి చెక్క రంగు వేయాలన్నాడు. వారం తిరక్కుండానే ఊరు చూపించే గైడు ఆ ఊత రాజుల కాలంనాటిదని చెప్పడం మొదలెట్టాడు. ఇంటి కలపకంతా మళ్లీ నల్లరంగు కొట్టించాలని మరో తాఖీదు వచ్చింది. మొదటి మూడు వందల ఏళ్లూ ఆ కలప రంగు ఎరగదని ట్రాంటర్ అన్నాడు. కానీ వడ్రంగి మాటకు ముద్ర ఉండదు కదా.

డోర్కస్ త్రాసు పట్టిన మనిషి. ఒక తట్టలో జైలు పెట్టింది, రెండో తట్టలో ఇల్లు పెట్టింది. జైలు గోడలు కనీసం నిటారుగా ఉంటాయని తేలింది.

సెప్టెంబరులో పాత ఇళ్ల పండుగ వచ్చింది. రెండు రోజులు బ్యాండు మేళాలు, ఊరేగింపులు. లవిబాండ్ మెడ చుట్టూ కుచ్చుల పట్టీతో గుర్రం మీద ఊరేగాడు. 'యజమానురాలు పండుగకు వెళ్లింది' అని తలుపుకు అట్ట తగిలించి, లోపల డోర్కస్ ఇంటి మూలను ఎత్తిపట్టే జాకీలు తిప్పింది. డప్పు మోగినప్పుడల్లా ట్రాంటర్ కోశాడు. కొత్త ఓక్‌ను అతికి కర్ర చీలలు దిగ్గొట్టారు. ఇనుప మేకులు నానబెట్టిన వినెగర్‌ను చేతులతో దానికి పూస్తే చెక్క నల్లబడి, ఒక్క పూటలో నాలుగు వందల ఏళ్లు నిండాయి. సిమెంటు పెరికిన చోట సున్నం పూసి, ఆ సున్నానికి సిమెంటు రంగు వేశారు. మంచిపని చేసి దాన్ని చెడ్డపనిలా కనబడేట్టు చేయడమే కష్టమని ట్రాంటర్ చెమట తుడుచుకున్నాడు.

నెల తిరక్కుండా లవిబాండ్ తనిఖీకొచ్చాడు. ఆయన వంగి, కొత్త చెక్క మీద వేలితో కొట్టి, కళ్లు మూసుకుని విన్నాడు.

"విన్నారా అమ్మగారూ? ఇదీ అసలు ఓక్ గొంతు! దీన్నా మీరు కోస్తానన్నది?"

"తప్పయిపోయిందండి," అంది డోర్కస్. వ్యాపారంలో వాదన ఖర్చు, తప్పు ఒప్పుకోవడం ఆదా.

ఆ స్తంభాన్ని తార్కాణంగా చూపి, ఇకమీదట బజారు వీధిలో ఎవరికీ మరమ్మతు అనుమతి అక్కర్లేదని, అంటే ఇవ్వబోమని, లవిబాండ్ టౌన్‌హాలులో ప్రకటించాడు. "మన పూర్వీకుల ఓక్ తన్ను తానే కాపాడుకుంటుంది!" అన్నాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టింది డోర్కస్. పక్క కుర్చీలోని టోపీల వ్యాపారి ఐవర్ బఫ్టన్ చెవిలో గొణిగాడు.

"మేకులు ఎన్నాళ్లు నానబెట్టించాడమ్మా మీకు?"

డోర్కస్ చేతులు ఆగాయి. అతని గోళ్ల చుట్టూ నల్లటి మరక, తన గోళ్లకున్నదే.

"మూడు రోజులు," అంది మెల్లగా.

"నాకు రెండే. అందుకే కాస్త పాలిపోయింది. ట్రాంటర్‌తో చెప్పాలి."

డోర్కస్ తల తిప్పి చూసింది. ముందు వరసలో, వెనక వరసలో, బజారు వీధి వాళ్లంతా నల్లటి గోళ్లతో భక్తిగా చప్పట్లు కొడుతున్నారు.

డిసెంబరులో తొలి గాలివాన కొట్టింది. బజారు వీధి చెక్కుచెదరలేదు, ఆ వీధిలోనే ఉన్న వారసత్వ సంఘం కార్యాలయం తప్ప. అది కూలిపోయింది. ఆదివారం కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. వీధి మొత్తంలో చట్టాన్ని పాటించిన ఇల్లు అదొక్కటే.