బాలవాడి గుట్ట

"ఇకమీదట మన పసిపిల్లలు ప్రకృతి మాత ఒడిలో ఆడుకుంటారు" అని బి.డి.ఓ. జగన్నాధంగారు మైకులో ప్రకటించారు. ఎదుట ఉన్నది బాలవాడి ఆయా గున్నమ్మా, ముక్కులు కారే బడిపిల్లలూ మాత్రమే. అయితేనేం, ప్రకటన గొప్పదాయె, మైకు లేకపోతే ఎలా?

ఆయన హైదరాబాదులో ట్రైనింగు పొందివచ్చిన మనిషి. ఉయ్యాలలూ జారుడుబల్లలూ పాతకాలపువట. పసివాళ్లకు మట్టిగుట్ట కావాలట, ఎక్కాలట, దొర్లాలట. డిజైను బ్రహ్మాండం. గుట్టకు మట్టి కావాలి గనక, పిల్లలు అంతవరకూ ఎక్కి దొర్లుతున్న కాలవగట్టును తవ్వించారు.

గుట్ట లేచింది. చుట్టూ ముళ్లకంపా లేచింది.

"పిల్లల్ని గుట్టమీదికి ఒగ్గీమంతారా బాబూ?" అంది గున్నమ్మ.

"మినిస్టరుగారు ఓపెనింగు చెయ్యాలి. అందాకా ఒక్క పాదం పడకూడదు. నేచురల్‌గా ఉండాలి."

"పిల్లలు తొక్కితే అది పోతాదేటి?"

"నీకు తెలీదులే. ఇది టెక్నికల్."

మినిస్టరుగారి ప్రోగ్రాం వాయిదా పడుతూ వచ్చింది. పిల్లలు గదిలో చాపమీద చేతులు కట్టుకు కూర్చున్నారు. గున్నమ్మ మనవరాలు దేముడమ్మ కిటికీ ఊచలు వదలదు.

"ఎప్పుడెక్కుతాం అమ్మమ్మా?"

"మంత్రిబాబు రానీవే."

మంత్రిబాబు కంటే ముందు చెదలు వచ్చాయి. అడిగేవాళ్లు లేరు గనక గుట్టనిండా గోపురాలు కట్టుకున్నాయి. ప్రకృతి పూర్తిగా సహకరిస్తోందని జగన్నాధంగారు పైకి రిపోర్టు పంపారు.

నాగులచవితి వచ్చింది. పండగరోజు గనక మినిస్టరుగారికీ ఆరోజే వీలైంది. పొద్దున్నే ఊరి ఆడవాళ్లు పాలచెంబులతో కంప తోసుకుని లోపలికి నడిచారు. ఎవరూ తొక్కని అంత శుభ్రమైన పుట్ట ఆ చుట్టుపక్కల మరెక్కడుంది?

"అమ్మా, ఇది పుట్ట కాదు, పిల్లల ఆటస్థలం" అని బి.డి.ఓ. అడ్డుపడ్డారు.

అందరికంటే ముందున్న మరిడమ్మ పసుపు చేత్తోనే ఆయన్ని పక్కకు జరిపింది. "నువ్వే కట్టించినావట గదా నాయినా. నీ కడుపు సల్లగుండ. కొంచెం తప్పుకో, నీ బూట్లమీద పాలు పడతాయి."

అంతలో జీపు ఆగింది. మినిస్టరుగారు గుట్టను చూశారు. చుట్టూ మూగిన ఆడవాళ్లను ఓటర్ల లిస్టు చూసినట్టు ఇంకా శ్రద్ధగా చూశారు. చెప్పులు విప్పి, శ్రీకూర్మం గుడిలో తిరిగినంత భక్తిగా ప్రదక్షిణం చేసి, రిబ్బను కత్తిరించి, జగన్నాధంగారి భుజం తట్టారు.

గున్నమ్మకు ప్రాణం లేచివచ్చింది. పిల్లల్ని వరసగా తెచ్చి నిలబెట్టింది. దేముడమ్మ పరికిణీ పైకి దోపుకుంది.

"ఓపెనింగైపోనాది గదా బాబూ. పిల్లలు ఎక్కొచ్చునేటి?"

మినిస్టరుగారు లెంపలు వేసుకున్నారు.

"తప్పమ్మా. దండం పెట్టుకోమను."

ఫొటోగ్రాఫరు పిల్లల్ని దగ్గరగా జరిపాడు. దేముడమ్మ పరికిణీ దించుకుని చేతులు జోడించింది.