బిందక్కకు రెండు నిమిషాలు

ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే రేడియో రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా యాభై తొమ్మిది మౌనాలను ప్రసారం చేస్తుంది. ఒక్కో మౌనం రెండు నిమిషాలు. మిగిలిన రెండు నిమిషాలు, సరిగ్గా ఐదింటికి, ఎమ్మే చదివే ఈశ్వరి మాట్లాడుతుంది. స్టేషన్ పేరు, తేదీ, ఆ రోజు ఎండ ఎంత కాసిందో చెప్పి ఊరుకుంటుంది.

మొదట్లో ఇలా లేదు. కెమిస్ట్రీ విభాగం వెనక గదిలో నలుగురు విద్యార్థులు స్టేషన్ పెట్టినప్పుడు పాటలు వేసేవాళ్లు, కబడ్డీ ఫలితాలు, మెస్సులో రేపటి కూర చెప్పేవాళ్లు. మూడో ఏట ఒక విద్యార్థి చనిపోయాడు. విచారణ కమిటీ నివేదిక వచ్చేదాకా రోజూ రెండు నిమిషాలు మౌనం పాటించాలని తీర్మానించారు. నెలలో వస్తుందనుకున్నారు. రాలేదు. ఆ తర్వాత పోయినవాళ్లవీ రాలేదు. తీర్మానం మాత్రం అలాగే ఉంది. ముందు సినిమా పాటలు పోయాయి, తర్వాత నాటికలు, ఆ తర్వాత ఉత్తరాలకు జవాబులు. రేపటి కూర చాలా ఏళ్లు నిలబడింది.

మౌనాన్ని పోయినవాళ్ల గదిలోనే రికార్డు చేస్తారు. ఫ్యాను చప్పుడు ఉండొచ్చు, ఏడుపు ఉండకూడదు. అలవాటైనవాళ్లు వినగానే గుర్తుపడతారు: ఇది పాత హాస్టలు, ఇది మూడో అంతస్తు, ఇక్కడ వాన పడుతోంది.

ఈశ్వరి గదిలోనే ఉండిన పరిశోధక విద్యార్థిని హిమబిందు మార్చిలో ప్రాణం తీసుకుంది. థీసిస్ మీద గైడు సంతకం కోసం రెండేళ్లు తిరిగింది. ఆయన గది బయట చెప్పులు విడిచి వెళ్లేది. తిరిగి వచ్చాక, ఎదురుగా ఉన్న చెప్పుల కోసం చాలాసేపు వెతుక్కునేది. ఈశ్వరి ఆమె మౌనాన్ని నాలుగుసార్లు రికార్డు చేసింది. మూడింటిని, ఈశ్వరి ఊపిరి వినిపిస్తోందని కొట్టేశారు. నాలుగోది ఆమోదించారు. కానీ వెయ్యడానికి చోటు లేదు.

స్టేషన్ పుట్టినప్పటి నుంచీ ఉన్న అటెండరు రామాంజులు కార్యక్రమాల అట్ట ఆమె వైపు తిప్పాడు.

"అరవయ్యోది యాడ పెట్టల్ల మా? నా నెత్తిన పెట్టుకుందునా?"

"తలా నిమిషం చేస్తే కుదరదా మామా?"

"తీర్మానంలో రెండని ఉండాదే. మునుపు ఒకాయప్ప ఇట్లనే అడిగినాడు. ఇప్పుడు ఆయప్పది ఐదూ ముప్పై రెండుకొస్తాది."

రిజిస్ట్రారు ఆఫీసులో సూపరింటెండెంటు సుబ్బరాయుడు ఆమెను కూర్చోబెట్టి, ఒక కాగితం ముందుకు జరిపాడు.

"నివేదికొస్తే మౌనమే అక్కర్లేదు గదమ్మా. ఒకే గదిలో ఉన్నదానివి నువ్వు. వ్యక్తిగత కారణాలని రాసి సంతకం పెట్టు. పొద్దుగూకే లోపల నివేదిక ఇప్పిస్తా. ఇంత బిరీన ఎవురికీ రాల్యా."

"సంతకం కోసమే గదా సార్, ఆయక్క తిరిగింది."

"అందుకే చెప్తాండా. నువ్వన్నా పెట్టు."

ఈశ్వరి ఆ కాగితాన్ని వెనక్కి జరిపింది. అక్కడే తెల్లకాగితం అడిగి తీసుకుని, ఐదు గంటల ప్రకటన రద్దు చేసి ఆ రెండు నిమిషాలు హిమబిందుకు కేటాయించమని అర్జీ రాసింది. రిజిస్ట్రారు ఆ పూటే సంతకం పెట్టాడు. బిందు పేరున్న కాగితం మీద పడిన మొదటి సంతకం అది.

"మరి స్టేషన్ పేరు ఎవురు చెప్తారు మా?" అన్నాడు రామాంజులు.

"తెలీనోళ్లు ఎవురుండారు మామా?"

స్టేషన్లో మాట అనేది లేకుండా పోయింది. క్రమశిక్షణకు గాను ఆ ఏడు స్టేషన్‌కు ప్రశంసాపత్రం ఇచ్చారు. జూన్‌లో కొత్త మౌనాలకు వెయిటింగ్ లిస్టు తెరిచారు. ఈశ్వరి ఇప్పటికీ రోజూ ఐదింటికి ముందే వెళ్లి హాజరు పుస్తకంలో సంతకం పెడుతుంది, ఐదింటికి మొదలయ్యేలా మీట తిప్పుతుంది, మెస్సుకు వస్తుంది.

ఆగస్టులో బిందు మంచం కొత్తమ్మాయి సుధారాణికి ఇచ్చారు. మొదటిరోజు సాయంత్రం, సరిగ్గా ఐదింటికి, మెస్సులో ఆ పిల్ల బజ్జీ తుంచుతూ గోడమీది స్పీకరు వైపు చూసింది.

"అక్కా, రేడియో చెడిపోయిందా?"

"లేదు మా. వార్తలొస్తాండాయి."

సుధారాణి మర్యాదకు నమలడం ఆపి, తల వంచి విన్నది. స్పీకరులో, తిరిగిన ప్రతిసారీ ఒకచోట కిర్రుమంటోంది ఫ్యాను.

"ఇది మన గదే గదక్కా?"

"ఊఁ. తిను మా, చల్లారిపోతాది."